తప్పు కట్టిన నెత్తురు

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి ఏడుపు లంకించుకుంది. ఏదో నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయించుకుంటే కాగితం మీద డెంగీ పక్కన పాజిటివ్ అని వచ్చిందట. జ్వరం లేదు, ఒళ్ళునొప్పులు లేవు, పొద్దున్నే రెండు పెసరట్లు తిన్నదట, అయినా పాజిటివ్. కాగితం ఫొటో తీసి పంపమన్నాను. చూస్తే అది పాత జ్వరాన్ని పట్టే పరీక్ష.

"ఎప్పుడో వచ్చి పోయిందే తల్లీ. వచ్చినట్టు నీకే తెలియలేదు. ఒంట్లో దాని గుర్తు మిగిలింది, అంతే" అన్నాను.

"గుర్తుంటే మళ్ళీ రాదా పెద్దమ్మా?" అంది.

సరిగ్గా ఇదే ప్రశ్న, ఇదే భయంతో, చాలా ఏళ్ళ కిందట కొండ మీద ఒక మనిషి నన్ను అడిగాడు. అప్పుడూ నా దగ్గర సరైన జవాబు లేదు. దోమతెర కట్టుకుని పడుకోమని దానికి చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇక ఆ రోజంతా, ఆ మనిషికి నెత్తురిచ్చిన షావుకారే కళ్ళ ముందు తిరిగాడు.

డెబ్భైల చివరి రోజులు. అరకు వైపు కొండల్లో ఒక సంత ఊళ్ళో, పట్టుమని పది మంచాలు లేని ఆసుపత్రిలో నేను లేబ్ టెక్నీషియన్ని. రోగుల్ని చూడ్డానికి ఒక డాక్టరమ్మ. రక్తం దాచిపెట్టుకునే వసతి అక్కడ కల్లో మాట. ఎవరికైనా రక్తం కావాలంటే మనిషిని పిలవాలి, బల్ల మీద పడుకోబెట్టాలి, గాజు సీసాలోకి తీయాలి, తీసింది తీసినట్టు పక్కగదిలో ఎక్కించాలి. అలా పిలిస్తే పలికేవాళ్ళు ఆ ఊళ్ళో బహు తక్కువ. వాళ్ళలో మొదటివాడు షావుకారు.

పేరు చెప్పను. మైదానం నుంచి వచ్చి కొట్లు పెట్టుకున్న షావుకార్లు ఆ వీధి నిండా ఉన్నా, ఉత్తినే షావుకారు అంటే ఆయనే. మనిషి భారీ. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, చేతుల బనీను, చెవులకు రాళ్ళ పోగులు. నవ్వితే ముందు పొట్ట నవ్వేది, తరవాత మొహం. భార్యాపిల్లలు చదువుల కోసం బొబ్బిల్లో ఉండేవారు. ఇక్కడ ఆయనా, ఆయన్ని కనిపెట్టుకుని తల్లీ.

మంచివాడా అని అడిగితే తడుముకోకుండా చెప్పలేను. కొండవాళ్ళు తెచ్చే చింతపండూ పిప్పళ్ళూ అడ్డాకులూ కొనేవాడు, ఉప్పూ కిరసనాయిలూ అమ్మేవాడు. ఆయన తక్కెడ మీద చాలా మాటలుండేవి, అన్నీ అబద్ధాలు కావు. గొప్పలు చెప్పుకోవడంలో మాత్రం అంతటివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. తన చింతపండు రాజమండ్రి దాకా పేరు పడిందనేవాడు. తన గొంతు వింటే ఎలుగుబంటి దారి మళ్ళుతుందనేవాడు. అన్నిటికన్నా పెద్ద గొప్ప ఆయన నెత్తురు. ఆయనది దాదాపు అందరికీ సరిపడే ఓ గ్రూపు.

"నాది ఓహో గ్రూపు లేబమ్మా" అనేవాడు. నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. లేబ్‌లో ఉండేదాన్ని కనుక లేబమ్మని.

రక్తం ఇవ్వడానికి వస్తే అదొక ఉత్సవం. కుడిచెయ్యి ముట్టుకోనిచ్చేవాడు కాడు. "అది తక్కెడ సెయ్యి. దానికి సూదేస్తే రేపు తూకం వణుకుతాది. ఎడంసెయ్యి నీది, ఏటి సేసుకుంటావో సేసుకో" అనేవాడు. సీసా నిండుతుంటే మెడ తిప్పి మరీ చూసుకునేవాడు. "సూసినావా రంగు? మా కొట్లో కుంకం కూడా ఇంత ఎర్రగుండదు." "మీ కొట్లో కుంకం రంగు వేసిందే కదండీ" అంటే పొట్ట ఊపుకుంటూ నవ్వేవాడు.

అయిపోయాక మేమిచ్చే టీ తాగేవాడు కాడు. ఎక్కడికెళ్ళినా భుజాన ఇత్తడి మరచెంబు ఉండాల్సిందే. అందులో తల్లి మడితో తోడిచ్చిన నీళ్ళో మజ్జిగో తప్ప పరాయి చుక్క గొంతు దిగేది కాదు. నీసు వాసన పడదు. సంత రోజున ఎండుచేపల బుట్టలవాళ్ళు ఆయన కొట్టు ముందు కూచుంటే చీపురు పట్టుకుని వెంటపడేవాడు. తల్లి ఇంకా నాలుగాకులు ఎక్కువ. కొట్టు వెనకున్న వంటింటి గడప ఆవిడ రాజ్యానికి పొలిమేర. స్నానం చేయకుండా కొడుకు కూడా దాన్ని దాటకూడదు.

ఇంకో అలవాటు చెప్పాలి. తన రక్తం ఎక్కినవాళ్ళతో చుట్టరికం కలిపేసేవాడు. ఆడదైతే చెల్లి, మగవాడైతే తమ్ముడు. సంతలో కనబడితే వదిలేవాడు కాడు. "ఒలే సెల్లీ, నా నెత్తురు నీ ఒంట్లో పారతంది. పిప్పళ్ళు పక్క కొట్టోడికి ఎలగిస్తావు?" అని బుట్ట లాక్కునేవాడు. చుట్టరికమా వ్యాపారమా అని నేను నిలదీస్తే, "రెండూను. ఏం, సుట్టాల కాడ కొనకూడదేటి?" అనేవాడు. ఒళ్ళు మండేది. మళ్ళీ అర్జెంటుగా రక్తం కావలసి వస్తే నేను పరిగెత్తేది ఆయన దగ్గరికే.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చాడు. మైదానంలో పిల్లలకు మెదడువాపు జ్వరం వస్తోంది, దోమ తెచ్చే జ్వరాలు కొండల్లోకి ఇదివరకే ఎన్ని వచ్చి పోయాయో తెలుసుకోవాలన్నాడు. జ్వరం పోయినా దాని ఆనవాలు నెత్తురులో ఏళ్ళ తరబడి ఉంటుంది, దాన్ని పట్టి చూస్తే ఎవరికి ఏం వచ్చిందో చెప్పొచ్చట. ఊరికే పరీక్ష కోసమంటే ఎవరూ చెయ్యి చాపరు. అందుకని రక్తదానానికి వచ్చినవాళ్ళ దగ్గరే చిన్న గొట్టం నిండా ఎక్కువ తీసి ఉంచమన్నాడు. తీశాను. చేత్తో తిప్పే యంత్రంలో పెట్టి తిప్పితే ఎర్రది కిందికి దిగి, పైన గంజిలాంటి పచ్చటి నీరు తేలేది. దాన్ని వేరు చేసి, ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టి పాసింజరు బండిలో పట్నం పంపేదాన్ని.

కొన్ని నెలలకు డాక్టరు మళ్ళీ వచ్చి, ఇచ్చినవాళ్ళందరినీ కూచోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. షావుకారు దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం వెలిగింది. "మీ రక్తంలో మూడు జ్వరాల గుర్తులు కనిపించాయండీ. ఒకటి కీళ్ళ జ్వరం, మీరు మైదానంలో ఉన్నప్పుడు వచ్చి ఉంటుంది. తక్కిన రెండూ అన్నదమ్ముల్లాంటివి. ఒకదాని గుర్తు ఇంకోదాని గుర్తులా కనబడుతుంది. కాబట్టి అవి రెండో, నిజానికి ఒకటో గట్టిగా చెప్పలేం. ఏదైనా అన్నీ పోయినవే. మీకేం భయం లేదు."

షావుకారు చెవిన మూడు అన్న మాట పడింది. తక్కినదంతా గాలికి పోయింది.

మరుసటి సంతలో కొట్టు ముందు బస్తా మీద కూచుని ఎలుగెత్తి చాటాడు. "పట్నం డాకటరు సెప్పినాడర్రా! ఈ కొండ మొత్తం మీద మూడు జరాలు నా నెత్తురులోనే దొరికినాయట! ఎవులికైనా ఒకటీ అరా. మూడూ ఉన్నోణ్ణి నానొక్కణ్ణే!" పతకం వచ్చినవాడు కూడా అంత సంబరపడడు. నేను ఉప్పు కొనుక్కుంటూ అక్కడే ఉన్నాను. నోరు ముయ్యండి బాబూ అని సైగ చేశాను. ఆ మనిషికి సైగలు ఆనవు.

సంత విడిచేలోగా ఆ మాట పదిమంది నోళ్ళలో పడి పది గూడేలకు చేరింది. వారం తిరిగేసరికి షావుకారు ఒంట్లో మూడు జరాలు కాపరం పెట్టాయన్నారు. ఆయన కొట్లో ఉప్పు ముట్టుకుంటే ఒకటి పట్టుకుంటుందట, పలకరిస్తే రెండోదట. జనం పక్క కొట్లకు తిరిగారు. నిరుడు చెట్టు మీంచి పడినప్పుడు షావుకారు రక్తం ఎక్కించుకున్న ఒకాయన కొండ దిగి నేరుగా నా లేబ్‌లోకి వచ్చి చెయ్యి చాపాడు.

"నాకెక్కించింది తీసీయండి అమ్మగోరూ."

"ఏం తీయాలయ్యా?"

"షావుకారుది. మూడు జరాల్తో ఎక్కించినారట."

"జ్వరాలు లేవయ్యా. ఎప్పుడో వచ్చి పోయాయి. రక్తంలో వాటి గుర్తు ఉంది, అంతే."

ఆయన చాపిన చెయ్యి దించలేదు. "గురుతుంటే మల్లీ రాదా? ఇల్లు గురుతున్న సుట్టం మల్లీ రాడేటి?"

గుర్తు అంటే మచ్చ లాంటిదని చెప్పాను, మచ్చ ఉన్నచోటే మళ్ళీ కురుపు లేస్తుందన్నాడు. విసుగొచ్చి ఏమీ కాదు పొమ్మన్నాను. వెళ్ళాడు గానీ నమ్మి వెళ్ళలేదు.

షావుకారు మొదట నవ్వాడు. తరవాత తిట్టాడు. ఆ తరవాత ఖాళీ కొట్లో ఈగలు తోలుకుంటూ కూచున్నాడు.

ఇలా ఉండగా శ్రావణంలో ముసురు పట్టింది. గెడ్డలు పొంగాయి. ఒక సంత రోజు మధ్యాహ్నం వానలో తడుస్తూ ఒక డోలీ వచ్చింది. కర్రకు కట్టిన దుప్పట్లో ఒక చిన్నపిల్ల, ఇరవై కూడా ఉండవు. తెల్లారగట్ల గూడెంలో కాన్పయింది, బిడ్డ బాగానే ఉంది, తల్లికి మాత్రం నెత్తురు ఆగలేదు. మొగుడూ అత్తా కొండ మీంచి మోయించుకుని వచ్చారు. దుప్పటి అడుగు నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ లోపలికి తీసుకెళ్ళి, లోపల మిగిలిపోయిన మాయముక్క తీసేసింది. ఉప్పునీళ్ళ సీసా పెట్టింది. పిల్ల నాలుక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "రక్తం కావాలి. వెంటనే" అంది నాతో. పిల్లది ఓ గ్రూపు, దానికి ఓ తప్ప ఇంకోటి ఎక్కదు. మొగుడిది కలవలేదు, మోసుకొచ్చినవాళ్ళదీ కలవలేదు. పుట్టింటివాళ్ళు గెడ్డ అవతల. ఇక ఉన్నది ఒక్కడు.

వానలో పరిగెత్తాను. కొట్లో ఒంటరిగా కూచున్న మనిషి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నేనింకా నోరు తెరవకముందే ఎడంచేతి బనీను పైకి మడుచుకుంటున్నాడు. తన నెత్తురు మళ్ళీ ఒకరికి కావలసి వచ్చిందన్న సంతోషం దాచుకోలేకపోయాడు పాపం. గొడుగు కూడా తెరవకుండా నా వెనకే వచ్చాడు. ఇద్దరి రక్తాలూ కలిపి చూశాను, సరిపోయాయి.

బల్ల ఉన్న గది గుమ్మంలో పిల్ల మొగుడు అడ్డంగా నిలబడ్డాడు.

"షావుకారు నెత్తురా? వొద్దు" అన్నాడు.

"తప్పుకో అబ్బాయ్, టైము లేదు" అన్నాను.

"మూడు జరాలోడి నెత్తురు మా గుంటకి ఎక్కించొద్దు."

షావుకారు అంతెత్తున లేచాడు. "ఎవుడ్రా నన్ను జరాలోడన్నాడు?"

"నువ్వే షావుకారూ. సంతలో. అందరం ఇన్నాం."

షావుకారు గుమ్మం దగ్గర్నించి వెనక్కి తగ్గాడు.

నేను చెప్పాను, బతిమాలాను, చివరికి అరిచాను. ఆ కుర్రాడు మొండివాడు కాడు, భయపడ్డాడు. భయపడ్డవాడికి నా అరుపు ఇంకా భయం పెట్టింది. మోతగాళ్ళ వైపు తిరిగి "డోలీ ఎత్తండి. పోతే మన ఇంటికాడే పోతాది" అన్నాడు. వాళ్ళు కర్ర అందుకున్నారు. లోపలి నుంచి డాక్టరమ్మ మోచేతుల దాకా నెత్తురుతో వచ్చింది. "ఆ పిల్లని ఇప్పుడు కదిపితే గెడ్డ దాకా కూడా బతకదు. నా మాట వినండి" అంది.

ఎవరూ కదల్లేదు. బయట వాన, లోపల ఆ పిల్ల మూలుగు. కాసేపటికి ఆ మూలుగు కూడా సన్నబడింది.

షావుకారు మెట్టు మీద కూలబడ్డాడు. అక్కడే గోడకు ఆనుకుని పిల్ల అత్త కూచుని ఉంది. బక్కపలచటి ముసలమ్మ. షావుకారు ఆవిడ ముందు తల వంచాడు. "నాకు జరం లేదమ్మా. కావాలంటే ముట్టుకు సూడు" అన్నాడు.

ఆవిడ నిజంగానే చెయ్యి చాపి ఆయన నుదురు ముట్టుకుంది. "ఇప్పుడు లేదు. వొచ్చిన మాట నిజమేనా?"

"నిజమే."

"మూడూనా?"

"రెండో మూడో. ఆ డాకటరు సెప్పింది నాకు సరిగ్గా తెలీలేదు. నానే మూడని సెప్పుకున్నాను."

ఆవిడ ఆయన్నే చూస్తూ అడిగింది. "మరి తప్పు కట్టినావా?"

ఆ మాట నాకు తెలుసు. అక్కడి గూడేల్లో తప్పంటే చేసిన నేరమే కాదు, దానికి చెల్లించుకునేది కూడా. ఒకళ్ళు మాట తప్పినా, జైలుకు పోయొచ్చినా, ఆఖరికి పులి దెబ్బ తిని బతికొచ్చినా కులంలో తప్పు కట్టాలి. కట్టి, అందరితో కలిసి తిన్నాక మామూలు మనిషి. ఆ తరవాత ఆ సంగతి ఎత్తినవాడిదే తప్పు. ముసలమ్మ సందేహం ఇప్పుడు నాకు అర్థమైంది. జ్వరాలు పోలేదని ఆవిడ అనడం లేదు. అంతంత జ్వరాలు వచ్చి పోయినా ఈ మనిషి ఎవరికీ తప్పు కట్టకుండా, నలుగురిలో కలవకుండా తిరుగుతున్నాడు. అలాంటి నెత్తురు కోడలి ఒంట్లోకి ఎలా రానిస్తుంది?

"కట్టలేదు. ఏటి కట్టాలో సెప్పు. ఎంతైనా కడతాను" అన్నాడు షావుకారు.

"డబ్బు మాకెందుకు? మాతో తిను."

చంకన వేలాడుతున్న ఆనపకాయ బుర్ర తీసి ముందు పెట్టింది. కొండ దిగేటప్పుడు దారికని తెచ్చుకున్న చోడి అంబలి, అంటే రాగి జావ. మూత తీసేసరికి వాసన గుప్పుమంది. అందులో కాల్చిన ఎండుచేప నలిపి కలిపారు.

షావుకారు మొహం చూడలేకపోయాను. నీసు వాసనకు చీపురు పట్టే మనిషి. పరాయి నీళ్ళు ముట్టని మనిషి. తల్లి గుర్తొచ్చి ఉంటుంది.

"ఇంటికెల్లి మజ్జిగ పట్టుకొస్తాను. అందరం తాగుదాం" అన్నాడు.

"తప్పు నీది. బువ్వ మాది ఉండాల."

"ఒక అరటిపండు సెరి సగం తింటే?"

ముసలమ్మ బుర్రని ఇంకా దగ్గరికి జరిపింది.

"పోనీ ఆ సేప తీసీసి..."

"షావుకారూ, నువ్విక్కడ బేరం ఆడతన్నావు. అక్కడ గుంట పోతంది" అంది ముసలమ్మ. కోపంగా కూడా కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

షావుకారు బుర్ర అందుకున్నాడు. ఎత్తి పోసుకోబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. కరిచి తాగాలి. ఎంగిలి కాకపోతే కలిసి తిన్నట్టు కాదు. కళ్ళు మూసుకుని మూతికి ఆనించి గుటగుటా తాగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అంబలి గడ్డం మీదుగా బనీను మీదకు కారింది. బుర్ర దించగానే ముసలమ్మ తీసుకుని అదే చోట మూతి పెట్టి తాగింది. తరవాత కొడుక్కిచ్చింది, వాడూ తాగాడు. ఖాళీ బుర్ర పక్కన పెట్టేసి గుమ్మంలోంచి జరిగి దారిచ్చాడు.

బల్ల మీద పడుకున్నాక షావుకారు కుడిచేత్తో నోరు గట్టిగా నొక్కుకున్నాడు. సూది గుచ్చాను. సీసా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కాసేపాగి, వేళ్ళ సందుల్లోంచి అడిగాడు.

"లేబమ్మా, కక్కితే తప్పు కట్టినట్టా కాదా?"

"నాకు తెలీదండీ."

"అయితే కక్కను" అని కళ్ళు మూసుకున్నాడు. కక్కలేదు. చెమటలు కారుతుంటే పళ్ళు బిగబట్టి పడుకున్నాడు. సీసా గోరువెచ్చగా ఉండగానే పక్కగదిలోకి పరిగెత్తాను. సాయంత్రానికి ఆ పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. డాక్టరమ్మ స్టూలు మీద కూచుని తల చేతుల్లో పెట్టుకుంది. నేను బయటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు.

సంత రోజు కదా. షావుకారు ఇంటికి చేరేలోపే కబురు చేరింది. మర్నాడు చూడబోతే వెనక వసారాలో పీట మీద విస్తరి ముందు కూచుని తింటున్నాడు. వంటింటి గడపకు అవతల తల్లి నిలబడి ఉంది.

"మంచిపనే సేసినాడమ్మా మావోడు" అంది నన్ను చూసి. "కాదనను. అయితే నా వంటింట్లోకి మాత్రం రానివ్వను. బొబ్బిలెల్లి అయ్యవారి సేత శుద్ధి సేయించుకుని రమ్మన్నాను. ఒక్క పూట పని."

శుద్ధి ఎంతసేపు, చేయించుకుంటే ఆవిడ మనసు కుదుటపడుతుంది కదా అని నేనూ చెప్పాను. ఆయన ముద్ద చేత్తో పట్టుకుని గొంతు తగ్గించాడు.

"ఎలా లేబమ్మా? శుద్ధంటే కడుక్కోడమేగదా. అది కడిగేసుకుంటే వాళ్ళ కాడ కట్టిన తప్పు సెల్లదు. ఆ గుంట ఒంట్లో నా నెత్తురుంది. రేపు దానికి జలుబు సేసినా షావుకారు కడుక్కున్నాడు అందుకే అంటారు. దాన్ని ఇంట్లో ఉండనిస్తారా?"

నాకు తెలిసిన షావుకారు తూకం మీదా ధర మీదా గంటలకొద్దీ బేరమాడేవాడు. దీని మీద తల్లితో ఒక్కనాడూ బేరమాడలేదు. మీదపడి అరవలేదు, బతిమాలలేదు. రోజూ రెండు పూటలా వసారాలో కూచునేవాడు, ఆవిడ గడప మీంచి వంగి విస్తట్లోకి వడ్డించేది. చుట్టరికం కలిపి పిప్పళ్ళు లాక్కోవడం మాత్రం మానలేదు. తక్కెడ కూడా అలాగే ఉంది. ఆ మనిషిని నేను దేవుణ్ణి చేయబోవడం లేదు.

వానలు పోయాయి. వలిసె చేలు పచ్చగా పూశాయి, కోశారు. పుష్యం చలి వచ్చింది. ఆ కొండల్లో పుష్యమంటే మిట్టమధ్యాహ్నం కూడా పళ్ళు టకటకలాడతాయి. వసారాకు గోడలు లేవు. ఆయన దుప్పటి కప్పుకుని తినేవాడు. అన్నం నోటికి చేరేలోపే చల్లారిపోయేది. తల్లి గడప ఇవతల నిప్పుల కుంపటి పెట్టింది గానీ, రమ్మనలేదు. ఆయన వెళ్ళి కడుక్కునీ రాలేదు.

ఒక సంత రోజు నేను సబ్బులకని వెళ్ళి, కొట్లో ఎవరూ లేకపోతే వెనక వసారాకి నడిచాను. ఆయన భోంచేస్తున్నాడు, తల్లి గడపలో ఉంది. ఇంతలో కొట్టు పక్క సందులోంచి ఆ పిల్ల వచ్చింది. చంకలో బిడ్డ, వెనకాల అత్త. ఒంట్లో నెత్తురు నిండి, మొహం కళకళలాడుతోంది. నేనైతే పోల్చుకోలేకపోయాను.

"అన్నా" అంది. "ఇటు సూడు, నీ మేనల్లుడు."

షావుకారు ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని, ఎడంచేత్తో బిడ్డ బుగ్గ గిల్లాడు. ఆ పిల్ల మాత్రం విస్తరిని చూస్తోంది, దుప్పటిని చూస్తోంది.

"ఇంత సలిలో బైటెందుకు తింటన్నావు?"

"లోపల ఉక్కగా ఉంది" అన్నాడు షావుకారు.

ఆ పిల్ల తలెత్తి వంటింటి వైపు చూసింది. గడప అవతల గరిటె పట్టుకున్న తల్లిని చూసింది. గడప ఇవతల ఉన్న కొడుకుని మళ్ళీ చూసింది. అలాంటివి వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కులం బయట కూచుని తినే మనిషిని వాళ్ళు చాలామందిని చూసి ఉంటారు. అత్తతో వాళ్ళ భాషలో ఏదో అంది. ముసలమ్మ తల ఊపింది. ఆ పిల్ల బిడ్డని ఇంకో చంకకు మార్చుకుని గడప ముందు దాకా వెళ్ళి నిలబడింది.

"అమ్మా, మా అన్న తప్పేటి? సెప్పు. మేం కడతాం."

తల్లి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. షావుకారు తల దించుకున్నాడు. ఆవిడ ఆ పిల్లని చూసింది, బిడ్డని చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. కోపంతో సర్దేస్తోందనుకున్నాను.

కాసేపటికి ఒక చేత్తో అన్నం గిన్నె, ఇంకో చేత్తో తన విస్తరీ పట్టుకుని గడప దాటి బయటికి వచ్చింది. ఆ ఇంట్లో ఆవిడ బయట తినడం ఎవరూ ఎరగరు. కొడుక్కి మూరెడు దూరంలో, చలికి కొంగు భుజాల చుట్టూ బిగించుకుని, మట్టినేల మీద కూచుంది. వసారా మూలనున్న ఆకుల కట్టలోంచి రెండు విస్తళ్ళు తీసి ఆ పిల్ల ముందూ అత్త ముందూ పరిచింది.

"నిజమేరా. లోపల ఉక్కగానే ఉంది" అంది.